నలభై మూడేళ్ళ మేళం

పాత మేళానికి ఉండే గౌరవం వేరు. మా తిరుత్తణి ప్రాంతంలో ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం పెట్టినప్పుడు, రాత్రి ఆడబోయే వీధినాటకం ఏ కథ అని ఎవరూ అడగరు. కథ అందరికీ తెలిసినదే. "ఎవరి మేళం వస్తున్నది?" అని మాత్రం అడుగుతారు. నాలుగు కాలాలపాటు కలిసి ఆడిన మేళం అయితే పది మైళ్ళ దూరం నుంచి కూడా జనం చాపలు చంకన బెట్టుకొని వస్తారు. ఒకరి ఊపిరి ఒకరికి తెలిసినవాళ్ళు కలిసి పాడితే వచ్చే రుచి, నిన్న మొన్న కూడినవాళ్ళకు రాదు.

అటువంటి పాత మేళం ఒకటి 2019 డిసెంబరు 15వ తేదీ, ఆదివారం నాడు బొంబాయికి వచ్చినది. దాని పేరు యూటూ. 1976లో ఐర్లండు రాజధాని డబ్లిన్ నగరంలో పుట్టిన రాక్ సంగీత కూటమి అది. కే.జీ.కండిగై, పళ్ళిపట్టు వైపుల నుంచి ఉద్యోగాల నిమిత్తం ఈ నగరం చేరిన మేము కొందరం కలిసి ఆ కచేరీకి వెళ్ళినాము. ఉగాది సంచికలో ఈ గిటార్ల సంగతి ఎందుకని పెద్దలు అనవచ్చును. ఆ మేళం చరిత్రలో వలస ఉన్నది, సరిహద్దు ఉన్నది, వీధి పేరు తెచ్చిపెట్టే చిక్కు ఉన్నది. ఇవేవీ మనకు పరాయివి కావు. కనుక తెలిసినంత వరకు ఆ చరిత్రను ఇక్కడ వ్రాయ సాహసించుచున్నాము.

ముందుగా ఆ సంగీతం ఎటువంటిదో రెండు ముక్కలు. 1950 ప్రాంతాల అమెరికాలో నల్లవారి బ్లూస్ పాట, తెల్లవారి పల్లెపాట కలిసి రాక్ అనే బాణీ పుట్టినది. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి అది పెద్ద కంపెనీల చేతిలో పెద్ద వ్యాపారమైనది. 1976-77లలో లండనులో పంక్ అనే అలజడి లేచి, మూడు స్వరాలు వస్తే చాలు, చెప్పవలసిన మాట ఉంటే ఎవరైనా పాడవచ్చునని చాటినది. ఆ అలజడి తరువాత, బజారు బాణీకి లొంగకుండా పక్కదారిన నడచిన కూటములు అనేకం వచ్చినవి. అమెరికాలో కాలేజీ రేడియోలు వాటిని వినిపించినవి. ఆ దారికే తరువాత ఆల్టర్నేటివ్ రాక్ అనే పేరు స్థిరపడినది. జార్జియా రాష్ట్రపు ఏథెన్సులో 1980లో ఏర్పడిన ఆర్.ఇ.ఎమ్. ఆ దారిలో పేరు మోసినది. 2011లో అది విడిపోయినది. యూటూ కూడా ఆ కాలంలో, ఆ గాలిలో పెరిగినదే. తరువాత పెద్ద మైదానాలకు ఎక్కినది గాని, మొదటి పలుకుబడిని పూర్తిగా వదలలేదు.

దాని పుట్టుక బహు సామాన్యమైనది. డబ్లిన్‌లో మౌంట్ టెంపుల్ అనే బడి. అక్కడ లారీ ముల్లెన్ అనే పద్నాలుగేళ్ళ పిల్లవాడు డ్రమ్ములు వాయించేవాడు. తనతో కలిసి వాయించేవాళ్ళు కావలెనని 1976 సెప్టెంబరులో బడి నోటీసు బోర్డు మీద కాగితం పెట్టినాడు. వచ్చినవాళ్ళతో మొదటి సాధన వాళ్ళ ఇంటి వంటగదిలో జరిగినది. చివరకు నిలిచినవాళ్ళు నలుగురు. పాటకు పాల్ హ్యూసన్, ఇతనినే లోకం బోనో అంటున్నది, గిటారుకు డేవిడ్ ఎవాన్స్, ఇతని మారుపేరు ఎడ్జ్, బేస్ గిటారుకు ఆడమ్ క్లేటన్, డ్రమ్ములకు లారీ. వీరిలో ఎడ్జ్ ఇంగ్లండులో వేల్సువారి ఇంట పుట్టి చంటిబిడ్డగా డబ్లిన్ వచ్చినవాడు. క్లేటన్ కూడా ఇంగ్లండులో పుట్టి ఐదేళ్ళప్పుడు వచ్చినవాడు. అంటే నలుగురిలో ఇద్దరు వలస వచ్చిన ఇంటి పిల్లలే. బోనో తండ్రి కాథలిక్కు, తల్లి ప్రొటెస్టెంటు. ఆ దేశంలో ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు. రెండుసార్లు పేరు మార్చుకొని, 1978లో యూటూ అనే పేరు పెట్టుకొన్నారు. ఆ సంవత్సరం మార్చిలోనే లిమరిక్ పట్టణంలో పోటీ నెగ్గి 500 పౌండ్ల బహుమతి పొందినారు. 1980లో వారి మొదటి ఆల్బం వచ్చినది.

డబ్లిన్ అనగానే రైల్వేలో పనిచేసే తెలుగువాళ్ళం ఒకరిని తలచుకోవలసియున్నది. బరంపురంలో పుట్టిన వరాహగిరి వేంకటగిరిగారు 1913లో న్యాయశాస్త్రం చదువుటకు వెళ్ళినది ఆ నగరానికే. అక్కడి స్వాతంత్ర్యవాదుల సహవాసం పట్టి, 1916 ఈస్టరు తిరుగుబాటు తరువాత ఆ దేశం విడిచి రావలసి వచ్చినది. తిరిగి వచ్చినవారు రైల్వే కార్మికుల సంఘాలను నిలబెట్టినారు. 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వే సమ్మెకు నాయకత్వం వహించినారు. 1969లో రాష్ట్రపతి అయినారు. వారికి ముందు 1962 నుంచి 1967 వరకు రాష్ట్రపతిగా ఉన్న రాధాకృష్ణన్‌గారు మా తిరుత్తణిలో పుట్టినవారని చదువరులకు విదితమే. కాబట్టి డబ్లిన్ మనకు ముక్కూ మొగమూ తెలియని ఊరు కాదు.

ఐర్లండు వలసల దేశం. 1845 మొదలు బంగాళాదుంప పంట కుళ్ళిపోయి కరువు వచ్చినప్పుడు సుమారు పది లక్షలమంది చనిపోయినారు. అంతమందీ ఓడలెక్కి దేశం విడిచినారు. తరువాత 1921లో ఆ ద్వీపం మీద ఒక సరిహద్దు గీసినారు. ఉత్తరాన ఆరు జిల్లాలు బ్రిటనుతో ఉండిపోయినవి. 1972 జనవరి 30వ తేదీ, ఆదివారం నాడు, ఆ ఉత్తరాన ఉన్న డెర్రీ పట్టణంలో పౌరహక్కుల కొరకు ఊరేగింపుగా వెళ్ళుచున్నవారిమీద బ్రిటిష్ సైనికులు కాల్పులు జరిపినారు. ఆనాడు 13 మంది, గాయాలతో తరువాత మరొకరు మరణించినారు. 1983లో యూటూ పాడిన 'సండే బ్లడీ సండే' ఆ సంఘటన నీడలో పుట్టినది. అయితే అది పగ తీర్చుకోమని చెప్పే పాట కాదు. చంపుట ఎవరు చేసినా చాలించండి అని చెప్పే పాట. అందువల్ల రెండు పక్షాలలోనూ దానిని అనుమానించినవారు ఉన్నారు.

1998 ఏప్రిల్‌లో అక్కడ శాంతి ఒప్పందం కుదిరినది. దానిపై జనాభిప్రాయం తీసుకొనుటకు మూడు రోజుల ముందు, మే 19న, బెల్ఫాస్టులో యూటూ కచేరీ జరిగినది. అంతవరకు ఒకరికొకరు ఎదురుపక్షంగా ఉన్న జాన్ హ్యూమ్, డేవిడ్ ట్రింబుల్ అనే నాయకులిద్దరూ ఆ వేదిక ఎక్కి చేతులు కలిపినారు. 2010లో సావిల్ విచారణ సంఘం డెర్రీ మృతులు నిరపరాధులని తేల్చగా, బ్రిటిష్ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పినారు. పాట వచ్చిన 27 ఏళ్ళకు గాని ఆ మాట రాలేదు.

మా తాలూకాకు కూడా ఒక సరిహద్దు కథ ఉన్నది. చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుత్తణి తాలూకాలో అధికభాగం 1960 ఏప్రిల్ 1 నుంచి మద్రాసు రాష్ట్రంలో చేరినది. మా పెద్దలు ఇల్లు కదలలేదు, పొలం కదలలేదు. రాష్ట్రం మాత్రం మారినది. డెర్రీ దుఃఖంతో దీనిని పోల్చుట న్యాయం కాదు. తమిళులు, తెలుగువారు మా ఊళ్ళలో ఒకే బావి నీళ్ళు తాగి, ఒకే జాతరలో తిరిగినవారు. ఇంటిలో తెలుగు, అంగడిలో తమిళం మాకు అలవాటు. కాని గీత గీసేవారు ఒకరు, దాని మీద బ్రతికేవారు ఇంకొకరు అన్న సంగతి మాకు ఎవరూ బోధించనక్కరలేదు. 2006లో తమిళ భాషాభ్యాస చట్టం వచ్చి బడులలో తమిళం క్రమంగా తప్పనిసరి అయినది. తమిళం నేర్చుకొనుట మంచిదే, అది మాకు అన్నం పెట్టిన భాష. దానితోపాటు తెలుగు అక్షరం కూడా పిల్లల చేతిలో నిలుచునా అన్నదే మా ఊళ్ళవారి దిగులు.

ఇక వారికి జగత్ప్రసిద్ధి తెచ్చిన ఆల్బం సంగతి. 1987 మార్చి 9న వెలువడిన దాని పేరు 'ది జాషువా ట్రీ'. అమెరికాలోని మొహావీ ఎడారిలో పెరిగే ఒక చెట్టు పేరది. పందొమ్మిదవ శతాబ్దంలో ఆ ఎడారి దాటిన మోర్మను వలసదారులు, చేతులు పైకెత్తినట్లున్న ఆ కొమ్మలను చూచి బైబిలులోని యెహోషువ పేరు పెట్టినారని చెప్పుకొంటారు. దారి తెలియనివారికి చెట్టు కూడా దారి చూపే పెద్దమనిషిగా కనబడినదన్నమాట. ఆ ఆల్బంలో 11 పాటలు. లాటిన్ అమెరికాలో సైనిక పాలకులు మాయం చేసిన బిడ్డల కొరకు ఎదురుచూచే తల్లుల మీద ఒకటి. 1984-85లలో బ్రిటనులో సమ్మె కట్టి ఓడిన గనికార్మికుల మీద ఒకటి. డబ్లిన్ మిద్దెలలో మత్తుమందుకు బలియైన బ్రతుకుల మీద ఒకటి. మరొక పాట తమ వద్ద పనిచేసి 1986లో మోటారుసైకిలు ప్రమాదంలో పోయిన మావోరీ యువకుని జ్ఞాపకార్థం. ఎంత పేరు వచ్చినా తమ పనివానికి పాట కట్టినారు చూడండి, ఆ గుణం మాకు మిక్కిలి నచ్చినది.

మొదటి పాట 'వేర్ ది స్ట్రీట్స్ హావ్ నో నేమ్'. పేర్లు లేని వీధులని దాని భావం. బెల్ఫాస్టులో ఒక మనిషి ఏ వీధిలో ఉంటాడో తెలిస్తే అతని మతం, సంపాదన చెప్పవచ్చునని ఎవరో అనగా విని బోనో ఆ పాట వ్రాసినాడు. మా వైపు వీధి పేరు చెబితే ఏమి తెలుస్తుందో వ్రాయనక్కరలేదు. ఊరు అంటే ఒకరు, కాలనీ అంటే ఇంకొకరు. ఆ 'కాలనీ' అన్న మాటను ప్రభుత్వ రికార్డుల నుంచి తొలగిస్తామని తమిళనాడు ముఖ్యమంత్రి 2025లో శాసనసభలో ప్రకటించవలసి వచ్చినదంటే, ఆ మాట ఎంత కాలంగా ఎంత బరువు మోసినదో గ్రహించవచ్చును. బొంబాయి వచ్చిన కొత్తలో మాలో కొందరికి కలిగిన మొదటి సుఖం ఏమిటంటే, ఇక్కడ రైలుపెట్టెలో ఎవరూ "ఏ వీధి?" అని అడగకపోవుట. ఈ పాట మాకు అందుటకు ఇంగ్లీషు ఎక్కువగా రానక్కరలేకపోయినది.

ఇంతటి మేళం మన దేశానికి రావడానికి 43 ఏళ్ళు ఎందుకు పట్టినది? పాశ్చాత్య రాక్ కూటములు మన దేశానికి రావడం చాలాకాలం అరుదు. విదేశీ మారకద్రవ్యం కొరత, యంత్రాల దిగుమతికి చిక్కులు, పెద్ద కచేరీకి తగిన ఏర్పాట్లు లేకపోవుట, ఇవన్నీ అడ్డంకులే. 1980 మార్చిలో ది పోలీస్ అనే ఇంగ్లీషు కూటమి బొంబాయి రంగభవన్‌లో పాడినది. ఆ రాత్రిని తలచుకొనే పెద్దలు ఈ నగరంలో ఇప్పటికీ ఉన్నారు. 1991 ఆర్థిక సంస్కరణల తరువాత తలుపులు తెరుచుకొన్నవి. 1996 నవంబరు 1న మైకేల్ జాక్సన్ అంధేరీలో ఆడిపాడినాడు. 2007లో ఐరన్ మెయిడెన్, 2011లో మెటాలికా బెంగుళూరుకు వచ్చినవి. యూటూ మాత్రం రాలేదు. 'జాషువా ట్రీ' ముప్పై ఏళ్ళ పండుగగా 2017లో మొదలుపెట్టిన యాత్రను 2019లో మళ్ళీ సాగించి, దాని ఆఖరి కచేరీని నవీ ముంబయిలోని డి.వై. పాటిల్ స్టేడియంలో పెట్టుకొన్నారు.

హార్బరు లైనులో నెరూల్ స్టేషను దిగితే స్టేడియం దగ్గరే. ఆ సాయంకాలం ప్లాట్‌ఫారం మీద జనాన్ని చూచి మేము ఆశ్చర్యపోయినాము. కుర్రకారు మాత్రమే వస్తారనుకొన్నాము. తల నెరిసినవారు, కూతుళ్ళను వెంటబెట్టుకొని వచ్చిన తండ్రులు, పాత క్యాసెట్ల అట్టలు జాగ్రత్తగా తెచ్చుకొన్నవారు కూడా ఉన్నారు. మాతో కే.జీ.కండిగై నుంచి కొడుకు ఇంటికి వచ్చియున్న ఒక పెద్దాయన కూడా బయలుదేరినాడు. వయసులో ఉన్నప్పుడు వీధినాటకాలకు మద్దెల వాయించినవాడు.

వేదిక వెనుక సుమారు 200 అడుగుల వెడల్పు, 45 అడుగుల ఎత్తుగల తెర. దానిమీద చెట్టు బొమ్మ. అయితే మొదటి పాటలకు ఆ తెర వెలగలేదు. ప్రేక్షకుల మధ్యకు చొచ్చుకొని వచ్చిన చిన్న వేదిక మీద, చెట్టునీడ ఆకారంలో ఉన్నదది, నలుగురూ దగ్గర దగ్గరగా నిలబడినారు. డెర్రీ పాటతో ఆరంభించినారు. మొదట వినబడినది డ్రమ్ము ఒక్కటే, కవాతు దరువు. మా పెద్దాయన తల ఊపి, "ఆ వాయించేటాయన చెయ్యి చూడండప్పా! ముందరికీ పోడు, వెనక్కీ పోడు. మేళం నిలిచేది ఆ చేతి మీదనే" అన్నాడు. నోటీసు బోర్డు మీద కాగితం పెట్టిన పిల్లవాడు ఆయనేనని మేము చెప్పగా, "అదీ సంగతి" అని ఊరుకొన్నాడు.

తరువాత మార్టిన్ లూథర్ కింగ్ మీద వారు 1984లో కట్టిన పాట వచ్చినది. కింగ్ 1959లో మన దేశం వచ్చి, ఈ బొంబాయిలోనే గాంధీగారుండిన మణిభవన్‌లో బస చేసినవాడు. ఆయన పాట ఆ ఊరిలో వినుట వేరే అనుభవం. అటుతరువాత పెద్ద తెర ఎర్రగా వెలిగినది. పదకొండు పాటలూ ఆల్బంలో ఉన్న వరుసలోనే పాడినారు. తెరమీద ఎడారి దారి మా మీదికి నడిచి వచ్చుచున్నట్లే ఉన్నది. ఎడ్జ్ గిటారు పద్ధతి విచిత్రమైనది. ఆయన ఒక మీటు మీటితే, ప్రతిధ్వని యంత్రం దానిని లెక్క ప్రకారం తిరిగి తిరిగి పలికిస్తుంది. ఆ సందులో ఆయన ఇంకొక మీటు వేస్తాడు. ఒక్కడు వాయిస్తే నలుగురు వాయించినట్లు వినబడుతుంది. బోనోకు అప్పటికి 59 ఏళ్ళు. పై స్థాయికి వెళ్ళినచోట్ల వేలాది జనం గొంతు కలిపినారు. మా వైపు నాటకంలో ముఖ్యపాత్రధారి అలసినప్పుడు వంతపాటవాళ్ళు అందుకొంటారు. అక్కడ స్టేడియమంతా వంతపాటే.

చివరి భాగంలో ఎ.ఆర్. రహమాన్ తన కుమార్తెలతో వేదిక ఎక్కినారు. యూటూతో కలిసి ఆ సంవత్సరం నవంబరులో విడుదల చేసిన 'అహింస' పాట అది. అందులో తిరుక్కురళ్ పలుకులు ఉన్నవి. బడిలో బట్టీపట్టిన కురళ్ పలుకు ఐర్లండువారి గిటార్ల మధ్య వినబడేసరికి మాకు ఒళ్ళు ఝల్లుమన్నది. తిరువళ్ళువర్ పలుకు మా పక్కింటి పలుకే గదా!

తిరిగి వచ్చునప్పుడు రైలులో మాలో ఒకరు చిన్న వాదన లేవదీసినారు. "ముప్పై రెండేళ్ళనాటి పాటలను అదే వరుసలో పాడి డబ్బు చేసుకొనుట కళ అవుతుందా? గనికార్మికుల సమ్మె ముగిసినది, డెర్రీకి క్షమాపణ వచ్చినది, ఇంకా ఎందుకు పాడుట?" అన్నారు. తోసివేయదగిన మాట కాదది. ఆల్బం అట్టమీద బొమ్మకు ఎక్కిన ఆ జాషువా చెట్టు కూడా 2000 ప్రాంతంలో పడిపోయినది. పాత పేరును అమ్ముకొని తిరిగే మేళాలు లోకంలో లేకపోలేదు.

మా సమాధానం ఇది. దుర్యోధనుడు పడతాడని తెలియక మా ఊరివాళ్ళు భారతం చూచుట లేదు. అర్జునుడు తపస్సుమాను ఎక్కుట, పద్దెనిమిదవ నాడు దుర్యోధనుని మట్టిబొమ్మ పడుట, సాయంకాలం అగ్నిగుండం, ఇవన్నీ ఏటేటా అవే. తాతతో చూచినవాడు మనుమనితో చూస్తాడు. కథ మారదు గాని, చూచే మనిషి మారియుంటాడు. పాత పాటను పూర్తిగా, వరుస తప్పక, కొత్త ఊరిలో ఆ ఊరివారి మాట ఒకటి చేర్చుకొని పాడుట పాతను అమ్ముకొనుట కాదు, పాతను నిలబెట్టుట. పైగా, అన్నదమ్ములే ఒక పంచన నలభై ఏళ్ళు ఉండలేని కాలంలో, పద్నాలుగు పదహారేళ్ళకు కలిసిన నలుగురు అరవై దగ్గరపడుచుండగా అదే వేదిక మీద నిలబడినారు. దానిని చూచుటకే ఆ టిక్కెట్టు చెల్లును. ఇది ఎల్లకాలం జరిగేది కాదు. 2023 సెప్టెంబరు నుంచి 2024 మార్చి వరకు అమెరికాలోని లాస్ వేగాస్‌లో వారు 40 కచేరీలు చేసినప్పుడు, దేహబాధవల్ల లారీ కూర్చోలేక, ఆ చోట మరొకరు వాయించినారు. మేము నలుగురినీ చూచినాము. 2026 సెప్టెంబరుతో ఆ కూటమి పుట్టి 50 ఏళ్ళు.

ఈ వ్యాసం వ్రాయుటలో మా ఉద్దేశం ఒకటి ఉన్నది. సముద్రాలు దాటి వచ్చిన మేళానికి మేము రాత్రంతా ఇచ్చినాము, అడిగినంత రుసుము ఇచ్చినాము. మా ఊరి మేళానికి ఏమి ఇచ్చుచున్నాము? ప్రవాసాంధ్ర సంఘాల పండుగలలో వీధినాటకానికి ఇరవై నిమిషాలు, సినిమా నృత్యాల మధ్య. వేషం కట్టుటకే మూడు గంటలు పట్టే ఆటగానిని, తెర వెనుక నుంచి ప్రవేశించి ఒక్క పద్యం పాడి దిగిపొమ్మంటున్నాము. ఊళ్ళలో హార్మణీ, ముఖవీణ, మద్దెల పట్టిన పెద్దలు పోయినచోట కుర్రవాళ్ళు వచ్చుట తగ్గినది. కూలికి పోతే వచ్చేపాటి కూడా ఆటకు రాకపోతే, ఏ కుర్రవాడు నేర్చుకొంటాడు?

కాబట్టి సంఘ సభ్యులకు మా మనవి. వచ్చే ఉగాదికి మా తిరుత్తణి వైపు నుంచి ఒక పాత మేళాన్ని పిలిపింతము. రానుపోను రైలు ఖర్చులు, గౌరవమైన పారితోషికం ముందుగానే పంపుదము. రాత్రి పది గంటలకు మొదలై తెల్లవారేవరకు, కోత లేకుండా, ఒక్క కథ పూర్తిగా ఆడనిద్దము. పిల్లలు మధ్యలో నిద్రపోతే పోనిండు. మేమూ చిన్నప్పుడు ద్రౌపదీ వస్త్రాపహరణం దగ్గర నిద్రపోయి, మద్దెల చప్పుడుకు లేచి చూచినవాళ్ళమే. ఖర్చు లెక్క వేసి కార్యవర్గానికి ఇచ్చియున్నాము. మా ఊళ్ళవారం ఇరవైమంది మొదటి చందా వ్రాసినాము. మిగిలినది సభ్యుల దయ.